జేబులో వెలిగే గాజు గొట్టం

కొరియర్ అబ్బాయి ఇచ్చి వెళ్లిన పెట్టె అరచేతికన్నా కాస్త పెద్దది. మనవడు ఆత్రంగా అట్ట చించి లోపలి నుంచి నల్లటి లోహపు డబ్బా ఒకటి బయటికి తీశాడు. చూడ్డానికి సిగరెట్ పెట్టెలా ఉంది. ముందువైపు చిన్న కిటికీ. అందులో అరిగిపోయిన పెన్సిల్ ముక్కల్లాంటి గాజు గొట్టాలు రెండు. పడక్కుర్చీలో పేపరు చదువుకుంటున్న తాతయ్య కళ్లజోడు సవరించుకుని తొంగి చూశాడు.

'ఒరేయ్, ఇవి వాల్వులు కదరా! ఇంకా తయారుచేస్తున్నారా వీటిని?'

'హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తాతయ్యా. ఏడాదిన్నర కిందట డబ్బు కట్టా. ఇప్పటికొచ్చింది.'

'ఏడాదిన్నరా! కట్టేనాటికి వస్తువు సిద్ధంగా లేదా?'

'లేదు. మేమంతా కట్టాకే తయారుచేశారు.'

ఇలాంటి సంభాషణ ఇవాళ ఏ ఇంట్లోనైనా జరగొచ్చు. తాతయ్యకు ఇక్కడ రెండు వింతలు. తన చిన్నప్పటి రేడియోతోపాటే అటకెక్కిన గాజు వాల్వు మనవడి జేబులోకి ఎలా వచ్చిందన్నది ఒకటి. లేని వస్తువుకు, ముఖం తెలియని మనిషికి, సముద్రాలవతల ఉన్నవాడికి ముందే డబ్బు ఎలా పంపాడన్నది రెండోది. మొదటి దానికి ఇంజినీర్లు జవాబు చెప్పగలరు. రెండోదానికి జవాబు అంత సులువు కాదు.

వేడెక్కితేనే పాట!

వాల్వు రేడియో ఉన్న ఇంట్లో పెరిగినవాళ్లకి ఒక సంగతి బాగా గుర్తుంటుంది. స్విచ్చి వేయగానే పాట వచ్చేది కాదు. ముందు అద్దం వెనక దీపం వెలిగేది. స్టేషన్ల పేర్లు కనిపించేవి. కొన్ని రేడియోల్లో 'మ్యాజిక్ ఐ' అనే పచ్చటి కన్ను మెల్లగా తెరుచుకునేది. అప్పుడు ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు గొంతు మొదలై, క్రమంగా గదంతా నిండేది. 1948 డిసెంబరులో విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఎన్నో తెలుగిళ్లు పాటలూ నాటకాలూ విన్నది ఆ గాజు గొట్టాల్లోంచే. రేడియో ఉంటే పోస్టాఫీసుకు వెళ్లి లైసెన్సు రుసుం కట్టాల్సిన రోజులవి.

ఆ కాసేపు నిరీక్షణ ఎందుకంటే, వాల్వు పనిచేయాలంటే ముందు వేడెక్కాలి. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఒక లోహపు తీగ కాలుతుంది. ఆ వేడికి ఎలక్ట్రాన్లు పైకి లేచి ఎదురుగా ఉన్న పలక వైపు పరుగెడతాయి. లండన్‌లో జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగ్ 1904లో తయారుచేసింది ఇంతవరకే. రెండేళ్ల తరవాత అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఆ రెంటి మధ్యా ఇంకో తీగ అడ్డుపెట్టాడు. దాని మీద విద్యుత్తు రవ్వంత మారితే చాలు, వెళ్లే ఎలక్ట్రాన్ల ప్రవాహం బోలెడంత మారిపోతుంది. కుళాయి పిడి కొంచెం తిప్పితే ధార ఎంత మారుతుందో అంతే. బ్రిటిషువాళ్లు దీన్ని 'వాల్వు' అంటారు. చీమ చిటుక్కుమన్నంత చప్పుడును ఊరంతా వినిపించే మైకు మోతగా మార్చే విద్య అక్కడే మొదలైంది.

1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టింది. దానికి వేడెక్కాల్సిన పనిలేదు, పగిలే గాజు లేదు, బియ్యపు గింజంత చోటు చాలు. 1954కల్లా జేబులో పట్టే రేడియో 'రీజెన్సీ టీఆర్-1' అమెరికా మార్కెట్లోకి వచ్చేసింది. బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1960ల్లో రేడియో వాల్వులు తయారుచేసేది. ఆ తరవాత ఒకటిన్నర దశాబ్దంలో మన ఇళ్లలోంచి కూడా వాటి వెలుగు మాయమైంది.

అలాగని పూర్తిగా పోలేదు. 1976లో సోవియట్ పైలట్ ఒకాయన మిగ్-25 యుద్ధవిమానంతో సహా జపాన్‌కు పారిపోతే, విప్పి చూసిన అమెరికన్ నిపుణులకు అందులో వాల్వులు కనిపించాయి! ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు వాల్వు ఆంప్లిఫయర్లను ఎన్నడూ వదల్లేదు. అంతెందుకు, వంటింట్లో మైక్రోవేవ్ ఒవెన్ ఉంటే, అందులో అన్నాన్ని వేడిచేసే మాగ్నెట్రాన్ కూడా ఈ వంశానిదే.

పెప్పర్మింట్ డబ్బాలో మొదలు

వాల్వు సంగతి కాసేపు పక్కనపెడదాం. అసలు హెడ్‌ఫోన్‌కు విడిగా ఆంప్లిఫయర్ ఎందుకు? ఫోనుతోపాటు వచ్చే చిన్న ఇయర్‌ఫోన్లకైతే అక్కర్లేదు. మిల్లీవాట్ శక్తికే అవి చెవులు గింగుర్లెత్తిస్తాయి. కానీ స్టూడియోల్లో వాడేలాంటి పెద్ద హెడ్‌ఫోన్లు కొన్నింటికి ఫోను శక్తి చాలదు. పాట వినిపిస్తుంది కానీ నీరసంగా ఉంటుంది. దీనికి అమెరికాలో చు మోయ్ అనే ఔత్సాహికుడు 1990ల్లో ఒక చిన్న సర్క్యూటు గీసి అందరికీ ఇచ్చేశాడు. నాలుగు విడిభాగాలు, ఒక 9 వోల్టుల బ్యాటరీ. కుర్రాళ్లు దాన్ని పెప్పర్మింట్ బిళ్లల రేకు డబ్బాలో అమర్చుకుని జేబులో వేసుకు తిరిగారు. జేబు ఆంప్లిఫయర్ల పిచ్చికి ఆ డబ్బాయే పెద్దన్న.

2016లో ఐఫోన్ 7 హెడ్‌ఫోన్ పిన్ను పెట్టుకునే రంధ్రాన్నే తీసేసింది. తరవాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. పాత హెడ్‌ఫోన్లను వదులుకోలేనివాళ్లకు ఫోనుకూ హెడ్‌ఫోన్‌కూ మధ్య ఏదో ఒక డబ్బా తప్పనిసరైంది. ఎలాగూ డబ్బా మోయాలి కదా, అందులో వాల్వు ఎందుకు ఉండకూడదూ అన్న ఆలోచన కొందరికి వచ్చింది.

ఆలోచన బాగానే ఉంది. ఆచరణలోనే చిక్కు. రేడియోల్లో, గిటారు ఆంప్లిఫయర్లలో వాడే మామూలు వాల్వుకు వంద నుంచి రెండువందలకు పైగా వోల్టులు కావాలి. ఫోను బ్యాటరీ ఇచ్చేదేమో నాలుగు వోల్టుల లోపే. పైగా లోపలి తీగ వేడెక్కడానికే ఒక్కో వాల్వు దాదాపు రెండు వాట్లు తాగేస్తుంది. నేటి ఫోను బ్యాటరీ మొత్తాన్ని ధారపోసినా ఏడెనిమిది గంటల్లో ఆ ఒక్క తీగే ఖాళీ చేసేస్తుంది. పాట వినిపించడానికి అయ్యే ఖర్చు వేరే! అచ్చంగా వాల్వులతోనే నడిచే 'పోర్టబుల్' ఆంప్లిఫయర్లు లేకపోలేదు. అమెరికా కంపెనీ వూ ఆడియో చేసిన 'ఎక్లిప్స్' అలాంటిదే. అయితే దాన్ని జేబులో వేసుకుంటే జేబు చిరుగుతుంది, బరువు అంతుంటుంది.

ఫిరంగి గుండు నుంచి చెవి దాకా

దారి చూపింది యుద్ధం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్లు ఒక విచిత్రమైన ఫ్యూజు తయారుచేశారు. ఫిరంగి గుండు ముక్కులోనే బుల్లి రేడియో. శత్రు విమానం దగ్గరికి రాగానే అది పసిగట్టి గుండును పేలుస్తుంది. రేడియో అంటే ఆ రోజుల్లో వాల్వులే కదా! ఫిరంగిలోంచి వెలువడేటప్పుడు భూమ్యాకర్షణకు ఇరవై వేల రెట్ల ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడికి పగలని గాజు వాల్వులను చిటికెన వేలికన్నా సన్నగా తయారుచేశారు. ఇలాంటి ఫ్యూజులు రెండుకోట్లకు పైగా తయారయ్యాయి. యుద్ధానికి ముందే చెవిటి మిషన్ల కోసం మొదలైన బుల్లి వాల్వుల పరిశ్రమ దీంతో రాటుదేలింది.

అలాంటి వాటిలో '6418' అనేది ఒకటి. ఒకటింబావు వోల్టు, పది మిల్లీఆంపియర్లు... అంటే మామూలు వాల్వు తాగే శక్తిలో నూటయాభయ్యో వంతుతో ఇది వెలుగుతుంది. పలకకు కూడా ఇరవై రెండున్నర వోల్టులు చాలు. కొన్నిటి మీద 'జాన్' అన్న అక్షరాలు ఉంటాయి. ఎవరో జాన్‌గారి పేరు కాదది. 'జాయింట్ ఆర్మీ-నేవీ' అని, అంటే సైన్యం కొలతల ప్రకారం చేసిన సరుకని గుర్తు. చైనా కంపెనీ కేయిన్ 2020లో తెచ్చిన 'ఎన్3 ప్రో' అనే జేబు మ్యూజిక్ ప్లేయర్లో ఉన్నవి ఈ వాల్వులే. సైన్యం కొలతలతో చేసినవి ఇప్పుడు సినిమా పాటలు పాడుతున్నాయన్నమాట.

వీటికో జబ్బుంది. లోపలి తీగ వెంట్రుకలా ఉంటుంది కాబట్టి, డబ్బాకు వేలు తగిలినా అది ఊగి చెవిలో 'టింగ్'మంటుంది. నడుస్తూ వింటే అడుగడుక్కీ మువ్వల చప్పుడే! అందుకే తయారీదారులు వీటిని రబ్బరు మెత్తల్లో కూర్చోబెడతారు. ఇలాంటి ఆంప్లిఫయర్ మంచిదా కాదా అని తేలేది చాలావరకు ఈ మెత్తల దగ్గరే. ప్రకటనల్లో దాని ఊసు మాత్రం తక్కువ.

జపాన్‌లో కీబోర్డులు తయారుచేసే కోర్గ్ కంపెనీ ఇంకో దారి తొక్కింది. పాత వీసీఆర్లలో, టేప్ డెక్కుల్లో నీలిపచ్చగా మెరిసే అంకెలు గుర్తున్నాయా? అవి కూడా గాలి తీసేసిన గాజు పలకలే. లోపల వేడి తీగ, మధ్యలో జల్లెడ, ఎదురుగా మెరుపు పూసిన పలక. సరిగ్గా వాల్వు అమరికే! ఆ పలకలు చేసే నోరిటాకే ఐట్రాన్‌తో కలిసి కోర్గ్ 2015లో 'న్యూట్యూబ్' ప్రకటించింది. పాత వాల్వు వాడే కరెంటులో రెండు శాతం, చోటులో మూడోవంతు కూడా దీనికి అక్కర్లేదు. ముప్ఫైవేల గంటలు పనిచేస్తుందని కంపెనీ అంచనా. పాడుతున్నంతసేపూ వీసీఆర్ గడియారంలా నీలిపచ్చగా వెలుగుతుంది.

ఇంకో చిన్న రహస్యం. ఈ జేబు ఆంప్లిఫయర్లలో చాలావాటిని పూర్తిగా వాల్వు ఆంప్లిఫయర్లనలేం. వాల్వు స్వరాన్ని దిద్దుతుంది. హెడ్‌ఫోన్‌ను నెట్టే బలం మాత్రం వెనక ఉన్న ట్రాన్సిస్టర్లది, చిప్పులది. పప్పు ఉడికించేది కుక్కరు, పోపు పెట్టేది మూకుడు. వాల్వు ఆ పోపు గరిటె!

ఆ తీపి ఎక్కడిది?

'వాల్వు పాట వెచ్చగా ఉంటుంది, గొంతు దగ్గరగా వచ్చి పాడినట్టుంటుంది' అంటారు అభిమానులు. ఇది భ్రమా, నిజమా? కొంత నిజమే. కాకపోతే ఆ నిజం వాళ్లు అనుకునే చోట లేదు.

ఏ ఆంప్లిఫయరైనా ఇచ్చిన ధ్వనికి తనవంతుగా ఏదో కొంచెం కలుపుతుంది. ఇంజినీర్లు దాన్ని వక్రీకరణ అంటారు. అంటే లోపమే. ఆ కలిపేది ఏమిటన్నదే అసలు ప్రశ్న. 240 హెర్ట్జ్‌ల షడ్జమం పాడారనుకుందాం. సాదా వాల్వు సర్క్యూటు దానికి ముఖ్యంగా 480 హెర్ట్జ్‌లు కలుపుతుంది. సంగీతం నేర్చుకునేవాళ్లను అడగండి, అది పై షడ్జమం. దానికన్నా కొంచెం తక్కువగా 720 కలుస్తుంది. అది ఆ పైనున్న పంచమం. స-ప-స! తంబురా మీటితే వినిపించే కుటుంబమే ఇది. లోపమే అయినా శ్రుతిలో ఉన్న లోపం కాబట్టి చెవి దాన్ని తప్పుగా పట్టుకోదు, నిండుదనంగా తీసుకుంటుంది. అదే ఏడో రెట్టు కలిస్తే మన స్వరస్థానాల్లో ఎక్కడా సరిగ్గా కూర్చోదు, గరగరమంటుంది. శక్తికి మించి తోసినప్పుడు ట్రాన్సిస్టర్లు ఇలాంటి గరుకును ఎక్కువగా వదులుతాయి. 1973లో రస్సెల్ హామ్ అనే ఇంజినీరు ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ పత్రికలో రాసిన వ్యాసం సారం దాదాపు ఇదే. మైకు నుంచి వచ్చే ధ్వని మరీ హెచ్చినప్పుడు వాల్వు ఎలా తడబడుతుంది, ట్రాన్సిస్టర్ ఎలా తడబడుతుంది అన్నది ఆయన పరిశీలించాడు.

అంటే మామూలు స్థాయిలో వింటున్నప్పుడు ఆ తేడా చాలా తగ్గిపోతుందన్నమాట. దీన్ని గట్టిగా చెప్పిన అజ్ఞాత ఇంజినీరు ఒకరున్నారు. పేరు బయటపెట్టకుండానే 2011లో 'ఓ2' అనే చిన్న హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ నమూనాను కొలతలతో సహా ఉచితంగా లోకానికి ఇచ్చారు. వాల్వు లేదు, మెరుపు లేదు, ఉన్నదల్లా చవక చిప్పులు. ధ్వనిని ఉన్నదున్నట్టు ఇవ్వడంలో ఎన్నోరెట్లు ఖరీదైనవాటికి తీసిపోదని అంకెలతో చూపించారు. మరుసటి ఏడాది నుంచి ఆయన అలికిడి లేదు.

కాబట్టి స్వచ్ఛత కోసమైతే వాల్వు కొననక్కర్లేదు. ఉన్న పాటకు కొంచెం నెయ్యి తగలాలనుకునేవాళ్ల సరుకు ఇది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. పప్పన్నంలో నెయ్యి వేసుకునేవాడు పప్పు స్వచ్ఛత గురించి వాదించడు కదా. తమాషా ఏమిటంటే, ఘంటసాల, లీల 1950ల్లో పాడిన పాటలు రికార్డయిందే వాల్వు యంత్రాల మీద. ఆ నెయ్యి ఎటూ అందులో ఉంది. జేబు వాల్వు వేసేది రెండో గరిటె!

చందాతో నిలిచిన విగ్రహం

ఇక రెండో వింత, ముందే కట్టే డబ్బు. ఇలాంటి ఆంప్లిఫయర్‌ను ఊహించేది సాధారణంగా ఒకరో ఇద్దరో. పగలు ఉద్యోగం, రాత్రి సోల్డరింగ్. నమూనా ఒకటి తయారవుతుంది. కానీ రెండోది నుంచీ లెక్క మారిపోతుంది. లోహపు డబ్బా కోయించాలన్నా, సర్క్యూటు బోర్డులు అచ్చు వేయించాలన్నా ఫ్యాక్టరీవాళ్లు వందల్లో ఆర్డరిస్తేనే కదులుతారు. వాల్వులు టోకున కొనాలి. బ్యాంకుకు వెళితే 'వాల్వా, అంటే ఏమిటి బాబూ?' అంటారు. దుకాణంవాడు పేరులేని సరుకు పెట్టుకోడు. మిగిలేది కొనేవాళ్ల జేబులే.

ఈ పద్ధతి ఇంటర్నెట్‌తో పుట్టలేదు. 1885లో స్వేచ్ఛాప్రతిమ న్యూయార్క్ చేరేనాటికి దాన్ని నిలబెట్టే దిమ్మె పూర్తికాలేదు, డబ్బు అయిపోయింది. జోసెఫ్ పులిట్జర్ తన పత్రిక 'న్యూయార్క్ వరల్డ్'లో పిలుపునిచ్చాడు. ఎంత చిన్న మొత్తం ఇచ్చినా పేరు వేస్తానన్నాడు. ఐదు నెలల్లో లక్షమందికి పైగా జనం లక్ష డాలర్లకు పైగా ఇచ్చారు. ఎక్కువమంది ఇచ్చింది డాలరు లోపే! మనదేశంలో శ్యామ్ బెనెగల్ 'మంథన్' సినిమాకు 1976లో గుజరాత్ పాడిరైతులు ఐదులక్షల మంది తలా రెండు రూపాయలు వేశారు. తెలుగులో 2018లో వచ్చిన 'మను' కూడా ఇలా నలుగురి డబ్బుతో తీసిన సినిమానే. ముందుగా చందాలు పోగుచేసి పుస్తకం అచ్చువేయించుకున్న తెలుగు రచయితలకైతే లెక్కే లేదు.

న్యూయార్క్‌లో 2009 ఏప్రిల్‌లో మొదలైన కిక్‌స్టార్టర్ ఈ చందా పుస్తకాన్నే ఇంటర్నెట్‌లోకి తెచ్చింది. తయారుచేసేవాళ్లు తమకెంత కావాలో, గడువెంతో చెబుతారు. గడువులోగా మొత్తం చేరితేనే డబ్బు వాళ్లకు వెళుతుంది. రూపాయి తగ్గినా ఎవరి కార్డు మీదా పైసా పడదు. చేరితే సైటువాళ్లు ఐదుశాతం పట్టుకుంటారు. పెట్టిన ప్రాజెక్టుల్లో సగం కూడా గడప దాటవు. ఔత్సాహికులే కాదు, పేరున్న కంపెనీలు కూడా ఈ దారికొచ్చాయి. న్యూట్యూబ్ పెట్టి బల్లమీద వాడుకునేలా చేసిన 'న్యూ 1' అనే ఖరీదైన యంత్రానికి సాక్షాత్తూ కోర్గే 2019లో జపాన్‌లో ఇలా ముందస్తు మద్దతుదారులను కూడగట్టింది. ఎంతమంది కొంటారో తెలియని సరుకును చేసి గోదాములో పెట్టుకోవడం కన్నా ఇది నయం అనుకుందేమో.

కొన్నవాడు కాదు, నమ్మినవాడు

అసలు తిరకాసు ఇక్కడే ఉంది. తెరమీద కనిపించేది దుకాణంలాగే ఉంటుంది. అందమైన ఫొటో, ధర, 'మొదటి వందమందికి తగ్గింపు' అన్న బోర్డు, పక్కన గడియారం. కానీ డబ్బు కట్టినవాడు కొనుగోలుదారు కాదు, మద్దతుదారు. 'కిక్‌స్టార్టర్ దుకాణం కాదు' అని ఆ సంస్థే 2012లో ప్రకటించింది. లేని వస్తువును కంప్యూటర్లో బొమ్మగీసి ఫొటోలా చూపించడాన్ని వస్తువుల ప్రాజెక్టుల్లో నిషేధించింది. చేసిన నమూనా ఏదో అదే చూపించాలి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని వార్టన్ స్కూల్ ఆచార్యుడు ఈథన్ మాలిక్ దీని మీద చాలా పరిశోధించాడు. 2014లో ఆయన తేల్చిందేమిటంటే, నాలుగింట మూడొంతుల ప్రాజెక్టులు చెప్పిన తేదీకి ఇవ్వలేకపోతున్నాయి. 2015లో దాదాపు యాభైవేలమంది మద్దతుదారులను అడిగితే, డబ్బు చేరిన ప్రాజెక్టుల్లో తొమ్మిది శాతం మాట నిలబెట్టుకోలేదని తేలింది. వందకు తొమ్మిదే కదా అనిపించవచ్చు. ఆ తొమ్మిదిలో ఒకటి మన డబ్బు మింగితే మాత్రం లెక్క వందకు వందే.

పాటల పెట్టెల్లోనే రెండు కథలున్నాయి. కెనడా గాయకుడు నీల్ యంగ్ 2014లో 'పోనో' అనే ప్లేయర్ కోసం 18 వేల మందికి పైగా నుంచి 62 లక్షల డాలర్లు కూడగట్టాడు. ప్లేయర్లు చేతికొచ్చాయి కానీ, వాటికి పాటలమ్మే దుకాణం 2016లో మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. మరుసటి ఏడాది పోనో కథే ముగిసింది. రెండోది 'ఆసిక్ ఎక్స్'. చెవి ఆకారాన్నిబట్టి ధ్వనిని మలిచే హెడ్‌ఫోన్ అన్నారు. 2016లో పదివేలమందికి పైగా 27 లక్షల డాలర్లు కట్టారు. 2018 మేలో కంపెనీ చేతులెత్తేసింది. వస్తువు అందింది చాలా కొద్దిమందికే. మోసం అనడానికి లేదు. సరుకు కష్టమైనది, డబ్బు చాల్లేదు, అంతే. కట్టినవాడికి మాత్రం మోసానికీ వైఫల్యానికీ తేడా ఏమీ కనిపించదు.

వాల్వు ఆంప్లిఫయర్‌కైతే ఆలస్యానికి సొంత కారణాలు బోలెడు. కుడిచెవికీ ఎడమచెవికీ ఒక్కలా పలికే జత దొరకాలంటే వాల్వులను కొలిచి ఏరాలి. బుల్లి వాల్వుల్లో చాలావాటిని ఇప్పుడెవరూ తయారుచేయడం లేదు. పాత గోదాముల్లో మిగిలిన సరుకే, తరిగేదే తప్ప పెరగదు. పెద్ద వాల్వులు చేసే ఫ్యాక్టరీలు రష్యా, స్లొవేకియా, చైనాల్లో కొద్దిగా మిగిలాయి. 2022 మార్చిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైన వెంటనే రష్యా నుంచి ఎగుమతి ఆగిపోయేసరికి ప్రపంచమంతటా గిటారువాళ్లు గగ్గోలుపెట్టారు. సరుకు సిద్ధమైనా, లిథియం బ్యాటరీ ఉన్న పార్శిళ్లకు విమానాల్లో నిబంధనలెక్కువ. ఇంటిదాకా వచ్చాక కస్టమ్స్ సుంకం సరేసరి. ముందు చూసుకోకపోతే చవక బేరమనుకున్నది ఆ ఒక్క రసీదుతో ఖరీదైపోతుంది.

మరైతే కట్టాలా, వద్దా? డబ్బు కట్టి అలవాటైనవాళ్లు ముందు చూసేది చేసేవాడు ఇంతకుముందు ఏదైనా చేసి ఇచ్చాడా అని. పనిచేసే నమూనాను వేరేవాళ్లెవరైనా విని చెప్పారా అని ఆరా తీస్తారు. వాల్వు సాకెట్లో ఉందా, బోర్డుకే అతికేశారా అన్నది ఇంకో ప్రశ్న. అతికితే, పోయిన రోజున డబ్బా మొత్తం పోయినట్టే. బ్యాటరీ మార్చుకోవచ్చో లేదో కూడా అడగాలి. వాల్వు ముప్ఫైవేల గంటలు బతికినా లిథియం బ్యాటరీ నాలుగైదేళ్లకే ముసలిదైపోతుంది. ఇంట్లోవాళ్లు చూడాల్సింది మరొకటుంది. ఆంప్లిఫయర్ ఉందంటే చెవికి చేరే మోత పెంచుకోవడం సులువు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ చప్పుడును వారానికి నలభై గంటలు, పిల్లలకైతే 75 డెసిబెల్స్ దాకానే అంటోంది. వాల్వు పాట తియ్యగా ఉందని వాల్యూమ్ పెంచుకుంటూపోతే చివరికి చెవిటి మిషను వాల్వు దగ్గరికే చేరతాం!

ఇన్ని తెలిసీ కట్టేవాళ్లున్నారు. వాళ్లంతా తెలివితక్కువవాళ్లేం కాదు. తయారీ మొదలైన రోజు నుంచీ ప్రాజెక్టు పెట్టినవాళ్లు ఉత్తరాలు రాస్తూంటారు. డబ్బా రంగు కుదరలేదని, బోర్డులో తప్పు దొర్లిందని, ఇవాళ మొదటి యాభై వెలిగాయని. దుకాణంలో కొన్న వస్తువు పుట్టుక ఎవరికీ తెలియదు. దీని పుట్టుక మాత్రం, పురిటి నొప్పులతో సహా, కట్టినవాళ్లందరికీ తెలుసు. ఏడాదిన్నర ఎదురుచూసింది ఆ డబ్బా కోసమేనా అని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు.

మళ్లీ ఆ పడక్కుర్చీ దగ్గరికి వస్తే... మనవడు తీగ గుచ్చి మీట నొక్కాడు. మొదట ఏమీ వినిపించలేదు. కిటికీలో గాజు గొట్టం లోపల దారప్పోగంత ఎరుపు కనిపించీ కనిపించకుండా మెరిసింది. 'వస్తుంది, ఆగు. వేడెక్కాలిగా' అన్నాడు తాతయ్య, ఎవరూ చెప్పకుండానే. హెడ్‌ఫోన్ తీసి ఆయన చెవులకే పెట్టాడు మనవడు. పెద్దాయన కళ్లు మూసుకుని పాట సగం దాకా విన్నాడు. తరవాత ఒక చెవి మీంచి అది కాస్త పక్కకు జరిపి అడిగాడు.

'బాగుందిరా. ఇందులో విజయవాడ వస్తుందా?'